సంతకానికి ముందు

(చెన్నైలోని ఒక తెలుగు సంఘంలో, యౌవనుల కూడికలో ఒక సంఘ పెద్ద చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీకందరికీ వందనాలు. యౌవనులకు ప్రార్థన గురించీ, మంచి నిర్ణయాల గురించీ నాలుగు మాటలు చెప్పమని పాస్టరు గారు నన్ను అడిగారు. ఆయన వీటిని రెండు విషయాలుగా చెప్పారు గానీ, అరవై అయిదేళ్లు నిండాక వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు రెండూ ఒకటే విషయంగా కనిపిస్తున్నాయి. నా జీవితంలో పాడైపోయిన నిర్ణయాలన్నీ నేను ప్రార్థన చేయనివి కావు. చాలావాటికి చేశాను, కాకపోతే నిర్ణయం తీసేసుకున్న తరువాత చేశాను. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఈ "తరువాత" అనే మాట గురించే.

మీలో చాలామంది బీచ్ నుంచి వేలచ్చేరి వెళ్లే రైల్లో వచ్చి ఉంటారు. తిరుమయిలై, మందవెల్లి స్టేషన్ల దగ్గర కిందికి చూస్తే నల్లటి నీళ్లతో, గుర్రపుడెక్క పట్టిపోయిన కాలువ ఒకటి కనిపిస్తుంది; కనిపించేలోపే వాసన వచ్చి చేతిరుమాలు ముక్కు దగ్గరికి పోతుంది. అది బకింగ్‌హామ్ కాలువ. మన పాత ప్రకాశం జిల్లాలోని, ఇప్పటి బాపట్ల జిల్లాలోని పెదగంజాం దగ్గర మొదలై తమిళనాడులోని మరక్కాణం దాకా, సముద్రం ఒడ్డు వెంబడే పోతుంది. ఈ ఊళ్లో కూవం నదికీ అడయారు నదికీ మధ్య ఉన్న భాగాన్ని 1877–78లో కరువు పనిగా తవ్వించారు. ఆ కరువులోనే అటు ఒంగోలు వైపు మరో భాగం తవ్వుతుంటే, అందులో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నవాడు ఒక మిషనరీ, జాన్ క్లౌ దొర. మా ముత్తాత ఆ పనిలో మట్టి గంపలు మోశాడని మా నాయనమ్మ చెప్పేది. అందుకే ఈ ఊళ్లో అందరూ ముక్కు మూసుకునే ఆ కాలువను చూస్తే నాకు మాత్రం ఏదో బంధువును చూసినట్లు ఉంటుంది.

ఆ దొర ఒంగోలు రావడం వెనక ఒక ప్రార్థన ఉంది. 1853లో, ఇన్నేళ్లు గడిచినా తెలుగువారి మధ్య ఫలితం కనిపించడం లేదు కాబట్టి ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలోని బాప్టిస్టు పెద్దలు ఆలోచన చేశారు. నెల్లూరులో ఉన్న లైమన్ జూవెట్ దొర ఒప్పుకోలేదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఆయన, దొరసాని, నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు, మొత్తం ఐదుగురు ఒంగోలులో ఒక గుట్ట ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్ల తరువాత. ఆయన పుట్టింది 1836లో. లెక్క వేసుకోండి: ఆ ఐదుగురూ ఆ తెల్లవారుజామున మోకరించిన రోజున ఆయనకు పదిహేడేళ్లు, అంటే ఈ గదిలో వెనక వరసలో కూర్చున్న పిల్లల వయసు. అప్పటికింకా అమెరికాలో భక్తి ధ్యాస లేకుండా తిరుగుతున్న కుర్రవాడు. కొండమీద ఉన్నవారికి అతని పేరు తెలియదు, అతనికి ఒంగోలు అనే ఊరుందని తెలియదు.

క్లౌ దొర గురించి నాకు దీనికంటే ఇష్టమైన సంగతి మరొకటి ఉంది, దాన్ని చివరికి ఉంచుకుంటాను. ముందు మన సంగతి చూద్దాం.

ఇప్పుడు తగ్గింది గానీ, మా కాలంలో ఏ దరఖాస్తు పెట్టాలన్నా సర్టిఫికెట్ల నకళ్లను గెజిటెడ్ ఆఫీసరుచేత అటెస్ట్ చేయించాలి. ఆయన ఇంటికి ఉదయాన్నే పోయి, వరండాలో నిలబడి, పిలిచినప్పుడు లోపలికి వెళ్లి, కాగితాలు వరసగా పేర్చి, సంతకం పెట్టవలసిన చోటు వేలితో చూపించేవాళ్లం. ఆయన చదివేవాడు కాదు. ఆకుపచ్చ సిరాతో గబగబా సంతకాలు చేసి, రబ్బరు స్టాంపు కొట్టి ఇచ్చేవాడు. మన ప్రార్థనల్లో ఎక్కువ భాగం ఈ ఆకుపచ్చ సిరా కోసమేనని నాకు అనిపిస్తుంది. ఏ కోర్సులో చేరాలో, ఏ ఉద్యోగానికి సరే అనాలో, ఎవరిని పెళ్లి చేసుకోవాలో ముందే తేల్చేసుకుంటాం. కాగితం సిద్ధంగా ఉంటుంది. ఇక దేవుడు చదవకుండా సంతకం పెట్టాలి. పెడితే సాక్ష్యం చెబుతాం, పెట్టకపోతే విశ్వాసంలో బలహీనపడ్డామంటాం.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త సంవత్సరానికి ఒక్కో బైబిలు వాక్యం రాసిన వాగ్దానం కార్డులు పంచుకోవడం మన సంఘాల్లో అందరూ ఎదురుచూసే ఘట్టం. నేను దాన్ని తప్పు పట్టడం లేదు. మా ఇంట్లో పూజ గదికి బదులు గోడకు వరసగా అంటించిన ముప్ఫై ఏళ్ల కార్డులు ఉన్నాయి. కానీ రెండు ఉద్యోగాల మధ్య తేల్చుకోలేక ఆ కార్డులోని వాక్యాన్ని బట్టి ఊరు మారిన వారిని ఎరుగుదును. మొదటి కార్డు నచ్చక, పళ్లెంలోనుంచి రెండోది తీసుకున్నవారు ఎవరో చేతులెత్తమని ఇక్కడ అడగను. "దేవుడు నాకు చూపించాడు" అని ఒక అమ్మాయితో చెప్పే అబ్బాయిలు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఆ దేవుడు ఆ అమ్మాయికి కూడా చూపించేదాకా ఆగవలసిందిగా వారికి నా మనవి.

యెహోషువ గ్రంథం తొమ్మిదో అధ్యాయం తీయండి. ఇశ్రాయేలీయులు గిల్గాలులో దిగి ఉన్నారు. యెరికో కూలింది, హాయి పట్టణం పడిపోయింది. పక్కనే ఉన్న గిబియోను ప్రజలు భయపడి ఒక ఉపాయం పన్నారు. గాడిదల మీద పాత గోనెలు వేశారు, చినిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు తగిలించారు, మాసికలు వేసిన చెప్పులు తొడుక్కున్నారు, ఎండి బూజు పట్టిన రొట్టె మూట కట్టుకున్నారు. చాలా దూరదేశంనుంచి వస్తున్నామని చెప్పి, ఇంట్లోనుంచి తీసినప్పుడు ఈ రొట్టె వేడిగా ఉంది, ఇప్పుడు చూడండి అని చూపించారు. ఇశ్రాయేలు పెద్దలు నిర్లక్ష్యంగా ఏమీ లేరు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఈ భాగాన్ని వివరించేటప్పుడు వారిని తెలివితక్కువవారిగా చూపించడం అలవాటైపోయింది. వారు అనుమానించారు, "మీరు మా మధ్యనే ఉండేవారేమో" అని అడిగారు, ఆ రొట్టెను చేతిలోకి తీసుకుని పరిశీలించారు. చేయవలసిన విచారణ చేశారు. ఒక్కటి మాత్రం చేయలేదు: యెహోవా దగ్గర విచారణ చేయలేదని పద్నాలుగో వచనం చెబుతుంది. ఒప్పందం జరిగిపోయింది, ప్రమాణం అయిపోయింది. మూడు రోజులకు తెలిసింది, వారు పొరుగువారేనని.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు నేను ఇంకా వివరించనక్కరలేదు. గిబియోనీయులు పెట్టింది ఫేక్ ఎక్స్‌పీరియన్స్. చేయని ప్రయాణానికి సర్టిఫికెట్టు, నడవని దారికి అరిగిన చెప్పులు. మూడేళ్ల అనుభవం ఉన్నట్లు పేస్లిప్పులు, రిలీవింగ్ లెటరు తయారు చేసి ఇస్తామనే కన్సల్టెన్సీలు ఈ ఊళ్లో, బెంగళూరులో, హైదరాబాదులో ఎన్ని ఉన్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. "అందరూ అలాగే చేరుతున్నారు అంకుల్, చేరాక పని నేర్చుకుంటాం" అని నాతో చెప్పిన పిల్లలున్నారు. గిబియోనీయులకు కూడా ప్రాణాలు దక్కాయి కదా అంటే, దక్కాయి. కానీ తరతరాలు కట్టెలు కొట్టేవారిగా, నీళ్లు మోసేవారిగా మిగిలిపోయారు. ఫేక్ కాగితంతో చేరినవాడు ప్రతి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కూ ఉలిక్కిపడుతూ, పాత కంపెనీ పేరు ఎవరు ఎత్తినా మాట మారుస్తూ, ఆ మూడేళ్ల అబద్ధానికి నీళ్లు మోస్తూనే ఉంటాడు. ఉద్యోగం రావాలని ఉపవాస ప్రార్థన చేసి, ఆ ఉపవాసం విరమించిన సాయంత్రమే ఆ కన్సల్టెన్సీకి డబ్బు కట్టడం మన మధ్య జరుగుతోంది కాబట్టి చెబుతున్నాను.

రెండో వైపున ఉన్నవారూ ఈ గదిలో ఉన్నారు, బూజు పట్టిన రొట్టె చూసి నమ్మినవారు. నిమిషంలో అప్పు ఇచ్చే యాప్, ఇంట్లో కూర్చుని సంపాదన, డబ్బు పెట్టి ఆడే ఆటలు. ఆ ఆటలను నిషేధిస్తూ 2025లో కేంద్ర ప్రభుత్వం చట్టమే చేయవలసి వచ్చింది. ఇవన్నీ చాలా నమ్మకంగా కనిపించే రొట్టెలు. వీటిని ముట్టుకుని చూసినంత మాత్రాన నిజం తెలియదు. దేవుని దగ్గర విచారణ చేయడమంటే ఆకాశంనుంచి స్వరం వినిపిస్తుందని కాదు నా ఉద్దేశం. విచారణకు కూర్చున్నవాడు తొందరలో ఉండడు. మోసగాడికి కావలసింది మన తొందర ఒక్కటే. "ఈ రాత్రి ప్రార్థన చేసి రేపు చెబుతాను" అన్న ఒక్క మాటకు సగం మోసాలు తోక ముడుస్తాయి. మిగతా సగం సంగతి, అమ్మకు ఫోన్ చేసి చెప్పగలనా అని ఆలోచిస్తే తేలిపోతుంది.

ఇప్పుడు నా సంగతి. ఒంగోలు దగ్గరి పల్లెనుంచి నేను ఈ ఊరికి 1984లో వచ్చాను. పెరంబూరులో ముగ్గురం ఒక గది అద్దెకు తీసుకున్నాం. నాది గుమాస్తా ఉద్యోగం, జీతం 1,400 రూపాయల చిల్లర. ఒకరోజు గదిలో ఉండే మిత్రుడు చీటీ పాట పాడుకున్నాడు. పాడుకున్నవాడు మిగిలిన వాయిదాలు కడతాడని నెల జీతం వచ్చేవాడు ఒకడు హామీ సంతకం పెట్టాలి. రాత్రి అన్నాల దగ్గర అడిగాడు, నేను సరేనన్నాను. సామెతల గ్రంథం ఆరో అధ్యాయం సండే స్కూల్లో కంఠస్థం చేసినవాణ్ణి. పొరుగువానికి హామీ ఉన్నవాడు ఎలా చిక్కుకుంటాడో నోటికి వచ్చు. మర్నాడు ఆ చీటీల కంపెనీకి బస్సులో పోతూ ప్రార్థన చేశాను కూడా. ఏమని? "ప్రభువా, ఇతను వాయిదాలు సరిగ్గా కట్టేలా చెయ్యి" అని. సంతకం పెట్టాలా వద్దా అని అడగలేదు, అడిగితే వద్దంటాడేమోనని భయం. అయిదో నెలలో ఆ మిత్రుడు గది ఖాళీ చేసి, చెప్పకుండా వెళ్లిపోయాడు. నెలకు 450 రూపాయల చొప్పున ముప్ఫై ఒక్క నెలలు నేను కట్టాను. ఇంటికి పంపవలసిన మనియార్డరులో కోత పడింది; చెల్లి పెళ్లి ఒక సంవత్సరం వెనక్కి పోయింది. మా నాన్న ఒక్క మాట అనలేదు, ఒక్కసారి మాత్రం "అడగవలసింది రా" అన్నాడు. నన్నా, దేవుణ్ణా అని నేను తిరిగి అడగలేకపోయాను.

సంతకం పెట్టి చిక్కుకున్నవాడు బైబిలులో ఇంకొకడు ఉన్నాడు. దానియేలు గ్రంథం ఆరో అధ్యాయాన్ని మనం సింహాల గుహ కోసం చదువుతాం గానీ, ఈసారి దర్యావేషు రాజు కోసం చదవండి. చుట్టూ ఉన్న అధికారులు ముఖస్తుతి చేసి, ముప్ఫై రోజులపాటు రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థన చేయకూడదు, చేస్తే సింహాల గుహే అనే శాసనం ముందు పెట్టగానే సంతకం చేశాడు. తనకు ఇష్టమైన దానియేలే దానికి బలి అవుతున్నాడని తెలిశాక, సూర్యుడు అస్తమించేదాకా అతన్ని విడిపించడానికి పాటుపడ్డాడు, కుదరలేదు. ఆ రాత్రి భోజనం లేదు, నిద్ర లేదు. గుహలో దానియేలు ఎలా నిద్రపోయాడో వాక్యం చెప్పలేదు గానీ, రాజమందిరంలో రాజుకు నిద్ర పట్టలేదని చెప్పింది. అదే అధ్యాయంలో, ఆ శాసనం మీద సంతకమైందని తెలిశాక కూడా దానియేలు ఇంటికి వెళ్లి, యెరూషలేము వైపు తెరిచి ఉన్న పైగది కిటికీ దగ్గర, యథాప్రకారంగా రోజుకు ముమ్మారు మోకాళ్లూని ప్రార్థించాడు. నాకు ఈ "యథాప్రకారంగా" అన్న మాట కావాలి. ఆపద వచ్చిన రోజున అతను కొత్తగా ఏమీ మొదలుపెట్టలేదు. కిటికీ ముందునుంచే తెరిచి ఉంది.

"అంకుల్, మేము పీజీల్లో ఉంటాం, గదికి నలుగురం, ఒకడు ఫోన్లో అరుస్తుంటాడు, ఒకడు లైటు ఆర్పమంటాడు, ఏకాంత ప్రార్థన ఎలా" అని మీరు అడుగుతారు. నేను కూడా గదిలో చేయలేదు. పెరంబూరునుంచి పనికి వెళ్లే లోకల్ రైలు నా పైగది. జనంలో నిలబడి, పై కడ్డీ పట్టుకుని, కళ్లు తెరిచే ప్రార్థించేవాణ్ణి. పక్కవాడు నేను స్టేషన్లు లెక్కపెట్టుకుంటున్నానని అనుకునేవాడు.

ఇక నెహెమ్యా. ఈ విషయంలో నాకు గురువు అంటూ ఉంటే ఆయనే. షూషను కోటలో అర్తహషస్త రాజుకు ద్రాక్షారసం అందించే ఉద్యోగి. కిస్లేవు నెలలో యెరూషలేము గోడలు పడిపోయి ఉన్నాయన్న కబురు వచ్చింది. కూర్చుని ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించాడు. నీసాను నెలలో రాజు అతని ముఖం చూసి, ఏమిటీ విచారం అని అడిగాడు. మధ్యలో దాదాపు నాలుగు నెలలు గడిచాయి. రాజు "నీకేం కావాలి" అనగానే నెహెమ్యా ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేసి, రాజుతో ఇలా అన్నాడని ఉంది. రాజు ప్రశ్నకూ ఇతని జవాబుకూ మధ్య ఎంత సమయం ఉంటుంది? ఒక ఊపిరి. ఆ ఒక్క ఊపిరి ప్రార్థన ఎంత బాగుందో అని అందరూ మెచ్చుకుంటారు. దాని కింద నాలుగు నెలల పునాది ఉందన్న సంగతి మరిచిపోతారు. ఇంటర్వ్యూ గది తలుపు దగ్గర "ప్రభువా" అనుకోవడం మంచిదే, కానీ ఆ పిలుపుకు అలవాటు పడిన నోరు కావాలి.

ఆ తరువాత నెహెమ్యా ఏమి అడిగాడో చూడండి. ఎన్నాళ్లు సెలవు కావాలో చెప్పాడు. నది అవతలి అధికారులకు ఉత్తరాలు అడిగాడు. గుమ్మాలకూ, గోడకూ, తాను ఉండబోయే ఇంటికీ కలప ఇప్పించమని రాజు అడవిని కాచే ఆసాపు పేరుమీద ఒక ఉత్తరం అడిగాడు. అడవి అధికారి పేరు కూడా తెలుసుకుని ఉన్నాడు. ఆ నాలుగు నెలలూ అతను మోకాళ్ల మీద ఉండి లెక్కలు కూడా వేసుకున్నాడు. గోడ యాభై రెండు రోజుల్లో పూర్తయింది. సిలబస్ తెరవకుండా పరీక్షకు ప్రార్థించేవారు, కట్టవలసిన ఫీజు ఎంతో విచారించకుండా సీటు కోసం ప్రార్థించేవారు నెహెమ్యా గ్రంథం రెండో అధ్యాయాన్ని ఒకసారి పెన్సిలు పట్టుకుని చదవాలి. నేను లెక్కల గుమాస్తాను కాబట్టి ఇలా చెబుతున్నానని అనుకున్నా ఫరవాలేదు.

అయితే అడిగినా జవాబు రాకపోతే ఎలా? ఇక్కడ క్లౌ దొర సంగతి చెప్పాలి. కాలువ పని జరిగిన రోజుల్లో వేలమంది ఆకలితో ఆయన శిబిరానికి వచ్చారు. బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు, కూలి సరిగ్గా ఇచ్చారు, విశ్రాంతి వేళ వాక్యం చెప్పారు. ఎంతోమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూడు పెట్టిన చేతిని చూసి తీసుకున్న నిర్ణయం కాకూడదని, పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. మిషనరీకి అంతకంటే కష్టమైన పని ఉంటుందా? సంఖ్యలు ఎదురుగా నిలబడి ఉన్నాయి, అమెరికాకు రిపోర్టు రాసుకోవచ్చు. ఆయన ఆగాడు, వారిని ఆగమన్నాడు. కరువు సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేందుకు డబ్బూ పనీ ఏమీ లేవని తెలిసి కూడా వచ్చినవారికి, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మందికి బోధకులు బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను మనం పండగల్లో చెప్పుకుంటాం. దానికి ముందున్న పదిహేను నెలల గురించి ఎవరూ ప్రసంగం చేయగా నేను వినలేదు, అందుకే ఈరోజు చెబుతున్నాను. మా ముత్తాత ఆ 2,222లో ఉన్నాడో లేడో మా నాయనమ్మకు కూడా తెలియదు. కాలువ దగ్గర ఆయన్ని కూడా ఆగమన్నారన్నది మాత్రం ఆమె చెప్పేది.

మీలో ఇప్పుడే తేల్చుకోవలసిన నిర్ణయం ఉన్నవారు ఉంటారు. ఎవరూ లేచి చెప్పనక్కరలేదు, ముందుకు రానక్కరలేదు, కీబోర్డు తమ్ముడు దయచేసి ఏమీ వాయించవద్దు. ఫోన్లు ఆపి, ఎవరి కుర్చీ దగ్గర వారు మోకరిద్దాం. పది నిమిషాలు మౌనంగా ఉందాం. మొదటి రెండు మూడు నిమిషాలు మీరు సిద్ధం చేసుకొచ్చిన కాగితమే దేవుని ముందు పెడతారు, పెట్టండి. ఆ తరువాత దాన్ని పక్కకు తీసి, "చేయనా, వద్దా" అని అడగండి. వద్దంటాడేమోనని భయం వేస్తే, ఆ భయం సంగతి కూడా ఆయనకే చెప్పండి. మోకాళ్లు నొప్పిగా ఉన్నవారు, నాలాంటివారు, కూర్చునే ఉండవచ్చు. వేలచ్చేరి రైలుకు ఇంకా చాలా సమయం ఉంది.